ఆ మూడు వరుసల టేబుల్‌ని పక్కన పెట్టండి

ఎమ్మెస్సీ లైఫ్ సైన్సెస్ చదివే పిల్లల్ని ఎవరినైనా డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ల గురించి అడగండి, కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. ఒకటో పాలిమరేజ్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ చేస్తుంది, రెండోది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, మూడోది టీ-ఆర్‌ఎన్‌ఏ, దాంతోపాటు ఇంకొన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏలు. నెట్‌కీ గేట్‌కీ ప్రిపేరయ్యే ప్రతి నోట్‌బుక్‌లో ఈ మూడు వరుసల టేబుల్ ఉంటుంది. ఇప్పుడు అదే పిల్లల్ని, ఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని ముక్కల్ని కత్తిరించే స్ప్లైసింగ్‌లో పనిచేసే యూ1 ఆర్‌ఎన్‌ఏని ఏ పాలిమరేజ్ చేస్తుందో అడగండి. “చిన్నదే కదా మేడమ్, మూడోది” అంటారు. జవాబు రెండోది. పోనీ, దాని పక్కనే పనిచేసే యూ6 సంగతేంటి అంటే, ఈసారి జాగ్రత్తపడి “అయితే అదీ రెండోదే” అంటారు. జవాబు మూడోది.

నేను పాఠం చెప్పే ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే జరుగుతుంది. పిల్లల్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు, వాళ్ళు నేర్చుకున్న టేబుల్‌కి తగ్గట్టే చెప్తున్నారు. తేడా టేబుల్‌లోనే ఉంది. తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ ఎలాంటిదో చూసి పాలిమరేజ్‌ని పంచిపెట్టే విధానం కణంలో ఎక్కడా లేదు. జన్యువు ముందున్న డీఎన్‌ఏలో కొద్దిపాటి అక్షరాలే (ఏ, టీ, జీ, సీ) ఆ నిర్ణయం తీసుకుంటాయి. పైగా నకలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే ఆ అక్షరాలే అది ఎలా ముగియాలో కూడా చాలావరకు ముందే తేల్చేస్తాయి. ఈ రెండు సంగతులూ మనిషి కణంలో ఇంత స్పష్టంగా కనిపించే చోటు యూ1, యూ6 లాంటి స్మాల్ న్యూక్లియర్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులే. పుస్తకాల్లో వాటికి దక్కేదేమో పేజీ కింద ఒక చిన్న నోట్. జన్యువు ముందుండి నకలుని మొదలుపెట్టించే ప్రమోటర్ల పాఠం వీటితోనే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు ఇవి చేసే పని. మన జన్యువుల్లో చాలావాటి మధ్య ప్రోటీన్‌కి అక్కర్లేని ఇంట్రాన్లు ఉంటాయని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. వాటిని కత్తిరించి మిగతా ముక్కల్ని అతికించే పెద్ద యంత్రం స్ప్లైసియోజోమ్. దాని లోపల ఉండేవి యూ1, యూ2, యూ4, యూ5, యూ6 అనే అయిదు ఆర్‌ఎన్‌ఏలు, వాటి చుట్టూ ప్రోటీన్లు. యూరిడిన్ అనే అక్షరాలు ఎక్కువగా ఉన్నాయని ఆ ‘యూ’ వచ్చింది. విచిత్రం ఏంటంటే, స్ప్లైసింగ్ అనేది ఒకటుందని లోకానికి తెలియకముందే వీటిలో కొన్నింటి అక్షరాలు చదివేశారు. హ్యూస్టన్‌లోని బేలర్ మెడికల్ కాలేజీలో హారిస్ బుష్ ల్యాబ్ ఎలుక కణితి కణాల నుంచి యూ1ని వేరుచేసి, దాని వరసని 1974లో ప్రచురించింది. ఆ పేపర్ మీద మొదటి పేరు ఆర్. రెడ్డి. ఆ పేరు చూసిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉంటుంది, క్లాసులో తప్పకుండా చెప్తాను. తర్వాత 1979లో యేల్‌లో జోన్ స్టైట్జ్, మైఖేల్ లెర్నర్ కలిసి లూపస్ రోగుల రక్తంలో ఉండే యాంటీబాడీలతో ఈ ఆర్‌ఎన్‌ఏలని వాటి ప్రోటీన్లతో సహా పట్టి బయటికి లాగారు. మరుసటి ఏడాదికి, యూ1 మొదటి అక్షరాలు ఇంట్రాన్ మొదలయ్యే చోటుకి జతపడతాయి కాబట్టి ఇవి స్ప్లైసింగ్‌లో పనిచేస్తాయన్న ప్రతిపాదన వచ్చింది.

ఒక్కో కణంలో యూ1 కాపీలు సుమారు పది లక్షలు. 164 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, పది లక్షలు! కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ అన్ని మళ్ళీ తయారు కావాలి. అంటే ఈ చిన్న జన్యువుల ముందున్న ప్రమోటర్లు మన జీనోమ్‌లో అత్యంత జోరుగా పనిచేసే వాటిలో కొన్ని. అలాంటివాటిని మనం నోట్ కింద పెట్టి వదిలేశాం.

ఇక అసలు విషయం. యూ1, యూ2 జన్యువుల ముందు, నకలు మొదలయ్యే అక్షరానికి సుమారు 55 అక్షరాల వెనక పీఎస్‌ఈ అనే ఒక భాగం ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే, సుమారు 220 అక్షరాల దూరంలో, జోరు పెంచే డీఎస్‌ఈ ఉంటుంది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ జన్యువుల్లో మనం వెతికే, టీ-లూ ఏ-లూ ఎక్కువగా ఉండే టాటా బాక్స్ అనే చిన్న వరస ఇక్కడ లేదు. అయినా వీటిని నకలు తీసేది రెండో పాలిమరేజే. ఇప్పుడు యూ6 ముందు చూడండి. అదే డీఎస్‌ఈ, అదే పీఎస్‌ఈ, ఎంతలా అంటే యూ2 పీఎస్‌ఈని తెచ్చి యూ6కి పెట్టినా పనిచేస్తుంది. అదనంగా ఉన్నది ఒక్కటే, నకలు మొదలయ్యే చోటుకి 25-30 అక్షరాల వెనక టాటా బాక్స్. దీన్ని మాత్రం మూడో పాలిమరేజ్ నకలు తీస్తుంది. ఏ టాటా బాక్స్‌ని మనం “రెండో పాలిమరేజ్ గుర్తు” అని పిల్లలకి నేర్పుతామో, ఆ టాటా బాక్స్ ఉన్నందుకే ఇక్కడ మూడో పాలిమరేజ్ వస్తోంది. ఇది చదివి ఒక్క క్షణం ఆగని విద్యార్థిని నేనింతవరకు చూడలేదు.

యూ6ని మూడో పాలిమరేజ్ చేస్తుందని 1986లో తేలింది. విషపు పుట్టగొడుగు నుంచి వచ్చే ఆల్ఫా-అమానిటిన్ అనే పదార్థం కొద్ది మోతాదులోనే రెండో పాలిమరేజ్‌ని ఆపేస్తుంది, మూడోదాన్ని ఆపాలంటే చాలా ఎక్కువ వెయ్యాలి. కొద్దిగా వేసినప్పుడు యూ6 తయారీ ఆగలేదు, మోతాదు బాగా పెంచితే ఆగింది. అంత సూటిగా తేలిపోయింది. ఆ తర్వాత 1989లో, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో నూరియా హెర్నాండెజ్, లోబో చేసిన పని నా దృష్టిలో ఈ రంగంలోకెల్లా అందమైన ప్రయోగం. మనిషి యూ2 ప్రమోటర్‌లో సరిగ్గా 7 అక్షరాలు మార్చి, అక్కడ టాటా బాక్స్ వచ్చేలా చేశారు. రెండో పాలిమరేజ్ ప్రమోటర్ కాస్తా మూడో పాలిమరేజ్ ప్రమోటర్ అయిపోయింది. అటువైపు యూ6లో టాటా బాక్స్ చెడగొడితే రెండో పాలిమరేజ్ వచ్చి చేరింది. జన్యువు అదే, కణం అదే, మార్పు 7 అక్షరాల్లో. ఇది తెలిశాక కూడా “చిన్న ఆర్‌ఎన్‌ఏలు మూడోది చేస్తుంది” అని ఎలా రాయిస్తాం?

ఆ 7 అక్షరాలు ఎలా పనిచేస్తాయో కూడా ఇప్పుడు బాగానే తెలుసు. పీఎస్‌ఈని పట్టుకునేది స్నాప్‌సీ అనే అయిదు ప్రోటీన్ల గుంపు. దీన్ని హెర్నాండెజ్ ల్యాబ్‌తో పాటు, రాబర్ట్ రోడర్ దగ్గర షోనా మర్ఫీ కూడా వేరే పేరుతో పట్టుకున్నారు. పాలిమరేజ్‌లు మూడు అని 1969లో చూపించిన రోడర్ ఈయనే. రెండు రకాల యూ జన్యువులకీ స్నాప్‌సీ కావాలి. మూడు పాలిమరేజ్‌లకీ అవసరమయ్యే టీబీపీ అనే ప్రోటీన్ కూడా రెండింటికీ కావాలి. దారి చీలేది ఆ తర్వాతే. యూ1 దగ్గర టీబీపీతో టీఎఫ్2బీ, దాని వెంట టీఎఫ్2ఏ, టీఎఫ్2ఎఫ్, టీఎఫ్2ఈ చేరి రెండో పాలిమరేజ్‌ని కూర్చోబెడతాయి. యూ6 దగ్గర టీబీపీ నేరుగా టాటా బాక్స్ మీద కూర్చుంటుంది, దాని పక్కన బీఆర్ఎఫ్2, బీడీపీ1 చేరతాయి, మూడో పాలిమరేజ్ వస్తుంది. బీఆర్ఎఫ్2 ఎవరో కాదు, టీఎఫ్2బీకి దాయాది, రెండూ ఒకే ప్రోటీన్ కుటుంబం. ఒక దాయాది వస్తే ఒక పాలిమరేజ్, ఇంకో దాయాది వస్తే ఇంకోటి. 2022లో జర్మనీలోని గోటింగెన్‌లో పాట్రిక్ క్రేమర్ బృందం స్నాప్‌సీ, రెండో పాలిమరేజ్ కలిసి యూ ప్రమోటర్ మీద కూర్చున్న దృశ్యాన్ని క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో అణువుల స్థాయిలో చూపించింది. ఈ బొమ్మ ఇప్పుడు మన దగ్గరుంది, క్లాసులో వేసి చూపించొచ్చు.

డీఎస్‌ఈ సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. అక్కడ ఆక్ట్-1, జడ్‌ఎన్‌ఎఫ్143 అనే ప్రోటీన్లు కూర్చుంటాయి. ఆక్ట్-1 నేరుగా స్నాప్‌సీలోని అతి పెద్ద ప్రోటీన్‌ని తాకి, అది పీఎస్‌ఈ మీద గట్టిగా నిలబడేలా చేస్తుంది. అయితే మధ్యలో దాదాపు 150 అక్షరాల దూరముంది కదా, ఎలా తాకుతుంది? మధ్యలో ఒక న్యూక్లియోజోమ్, అంటే డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల ఉండ, ఉంటుంది. డీఎన్‌ఏ దాని చుట్టూ తిరిగి వచ్చేసరికి డీఎస్‌ఈ, పీఎస్‌ఈ పక్కపక్కకి చేరతాయి. యూ6 ప్రమోటర్ మీద దీన్ని 2001లో చూపించారు. న్యూక్లియోజోమ్ అంటే జన్యువుని మూసిపెట్టేది అని మాత్రమే చదువుకున్న వాళ్ళకి, అదే న్యూక్లియోజోమ్ జన్యువుని నడిపించే ఉదాహరణ ఇది.

ఇంకో అడుగు ముందుకెళ్తే టేబుల్ పూర్తిగా కూలిపోతుంది. మనిషిలో తేడా టాటా బాక్స్‌తో వస్తోంది, సరే. మొక్కల్లో రెండు రకాల యూ జన్యువులకీ టాటా బాక్స్ ఉంటుంది. అక్కడ పాలిమరేజ్‌ని తేల్చేది టాటాకీ దాని ముందున్న ఇంకో భాగానికీ మధ్య దూరం. ఆ దూరంలో సుమారు పది అక్షరాలు, అంటే డీఎన్‌ఏ మెలికలో ఒక చుట్టు తేడా వస్తే పాలిమరేజ్ మారిపోతుంది. పండ్ల ఈగలో పీఎస్‌ఈలోని అక్షరాలే ఆ పని చేస్తాయి. అంతకంటే మించి, యూ3 అనే ఆర్‌ఎన్‌ఏ ఉంది, రైబోజోమ్ తయారీలో పనిచేస్తుంది. జంతువుల్లో దాన్ని రెండో పాలిమరేజ్ చేస్తుంది, మొక్కల్లో మూడోది. ఒకే ఆర్‌ఎన్‌ఏ, ఒకే పని, పరిణామంలో పాలిమరేజ్ మారిపోయింది. ఇక ఏ ఆర్‌ఎన్‌ఏని ఏది చేస్తుందో ఆర్‌ఎన్‌ఏ పేరు చూసి ఎలా చెప్తాం?

ఇప్పుడు ముగింపుల దగ్గరికి వద్దాం, నాకు మరీ ఇష్టమైన భాగం ఇదే. రెండో పాలిమరేజ్ చేసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలకి చివర్లో ఏ-ల తోక తగిలిస్తారు. యూ1, యూ2కి ఆ తోక ఉండదు. జన్యువు అయిపోయిన తర్వాత 9 నుంచి 19 అక్షరాల దూరంలో 3-ప్రైమ్ బాక్స్ అనే గుర్తు ఉంటుంది, అది చూసి ఆర్‌ఎన్‌ఏని తెంపుతారు. ఇక్కడిదాకా మామూలే. 1986లో రెండు బృందాలు, హెర్నాండెజ్-అలన్ వీనర్ ఒకటి, ఎల్సబెట్ లుండ్-జేమ్స్ డాల్‌బర్గ్‌ల ల్యాబ్ ఇంకొకటి, ఒకే రకం ప్రయోగం చేశారు. యూ1 జన్యువుని, దాని 3-ప్రైమ్ బాక్స్‌ని అలాగే ఉంచి, ముందున్న ప్రమోటర్‌ని మాత్రం తీసేసి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు ప్రమోటర్ పెట్టారు. పాలిమరేజ్ వచ్చింది, నకలు తీసింది, 3-ప్రైమ్ బాక్స్ ఎదురైంది. దాన్ని పట్టించుకోకుండా ముందుకి వెళ్ళిపోయింది! రెండు చోట్లా అదే రెండో పాలిమరేజ్. కానీ యూ ప్రమోటర్ నుంచి బయల్దేరినదే 3-ప్రైమ్ బాక్స్‌ని గుర్తుపడుతుంది. ఎక్కడ ఆగాలన్న సంగతి బయల్దేరిన చోటే నిర్ణయమైపోయింది.

ప్రమోటర్ అంటే స్విచ్ అని చెప్పే అలవాటు మనకి ఎందుకు పోవాలో ఈ ఒక్క ప్రయోగం చాలు. స్విచ్ వేశాక దీపం ఏ స్విచ్‌తో వెలిగిందో దీపానికి గుర్తుండదు. పాలిమరేజ్‌కి గుర్తుంటుంది.

ఆ గుర్తు ఎక్కడుంటుందన్న ప్రశ్నకి జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2005లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో రమీన్ షీఖత్తర్ బృందం ఇంటిగ్రేటర్ అనే పెద్ద ప్రోటీన్ల గుంపుని కనిపెట్టింది. యూ ఆర్‌ఎన్‌ఏలని చివర్లో తెంపే కత్తెర అందులోనే ఉంది, ఐఎన్‌టీఎస్11 దాని పేరు, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని తెంపే ప్రోటీన్‌కి దగ్గరి చుట్టమే. ఇంటిగ్రేటర్ పాలిమరేజ్ తోకని పట్టుకుని ప్రయాణిస్తుంది. మనిషి రెండో పాలిమరేజ్ తోకలో ఏడు అమైనో ఆమ్లాల వరస 52 సార్లు వస్తుంది. ఆ ఏడింట్లో ఏడో స్థానంలో ఉన్న సెరీన్‌ని మార్చేస్తే ఏమవుతుందో 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో షోనా మర్ఫీ బృందం చూసింది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏల తయారీ పెద్దగా దెబ్బతినలేదు. యూ ఆర్‌ఎన్‌ఏల తయారీ, వాటి చివరలు తెగడం దెబ్బతిన్నాయి. ఆ సెరీన్ మీద ఫాస్ఫేట్ ఉంటేనే ఇంటిగ్రేటర్ సరిగ్గా చేరుతుంది. అప్పటిదాకా రెండో స్థానం, అయిదో స్థానం సెరీన్లే ముఖ్యమని చదివినవాళ్ళకి ఏడోది ఎందుకుందో తెలిసింది యూ జన్యువుల వల్లనే. తర్వాత ఇంటిగ్రేటర్ ఈ జన్యువులకే పరిమితం కాదని, వేల ప్రోటీన్ జన్యువుల మొదట్లో పాలిమరేజ్‌ని ఆపడంలో, దింపేయడంలో దాని పాత్ర ఉందని బయటపడింది. అంటే “మినహాయింపు” అనుకున్న చోట దొరికిన వస్తువు ఊరంతటికీ పనికొచ్చింది.

యూ6కి ఈ హడావుడి ఏమీ లేదు. మూడో పాలిమరేజ్‌కి వరసగా నాలుగో అయిదో టీ-లు కనిపిస్తే చాలు, ఆగిపోతుంది. ఈ సులువు వల్లే యూ6 ప్రమోటర్ ప్రపంచమంతా ల్యాబుల్లో తిరుగుతోంది. 2002 ప్రాంతంలో జన్యువుల్ని అణచే చిన్న హెయిర్‌పిన్ ఆర్‌ఎన్‌ఏలు చేయడానికి దీన్ని వాడారు, 2013 నుంచి జన్యువుల్ని ఎడిట్ చేసే క్రిస్పర్‌లో, ఎక్కడ కత్తిరించాలో చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏ చేయడానికీ ఇదే. మొదలయ్యే చోటు కచ్చితం, ఆగే చోటు కచ్చితం, తోక ఉండదు. మా దగ్గర ప్రాజెక్ట్ చేసే ఒక అమ్మాయి డిజైన్ చేసిన గైడ్ ఎంతకీ పనిచేయలేదు. సెల్స్ బాగున్నాయి, గైడ్‌ని మోసే డీఎన్‌ఏ ముక్క, ప్లాస్మిడ్, బాగుంది, టెన్షన్ పడిపోయింది పాపం. వరస తీసి చూస్తే గైడ్ మధ్యలో నాలుగు టీ-లు వరసగా ఉన్నాయి. సగం గైడ్ చేసి పాలిమరేజ్ దిగిపోతోంది. టేబుల్ చదువుకున్న పిల్లకి ఆ సంగతి ఎలా తడుతుంది? ప్రోటోకాల్‌లో “నాలుగు టీ-లు వద్దు, మొదటి అక్షరం జీ ఉంటే మంచిది” అని రాసి ఉంటుంది, ఎందుకో రాసి ఉండదు. రోజూ వాడే ప్రమోటర్ ఎవరిదో, ఏం పనిచేస్తుందో తెలియకుండా పీహెచ్‌డీలు అయిపోతున్నాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇంకో తేడా క్లుప్తంగా. యూ1, యూ2, యూ4, యూ5 కేంద్రకం దాటి బయటికెళ్ళి, ఎస్‌ఎంఎన్ ప్రోటీన్ సాయంతో ఏడు ప్రోటీన్ల ఉంగరం తొడుక్కుని తిరిగొస్తాయి. ఆ ఎస్‌ఎంఎన్ లోపిస్తే వచ్చేదే కండరాలు క్షీణించే స్పైనల్ మస్కులర్ అట్రోఫీ. యూ6 కేంద్రకంలోనే ఉండిపోతుంది, దాని ఉంగరం వేరు, మొదటి అక్షరం మీద తొడిగే రసాయన టోపీ కూడా వేరు. ఆ టోపీ రసాయనం ఏంటో 1989లో చెప్పిన పేపర్ మీద కూడా సింగ్‌తో పాటు రెడ్డి పేరుంది. చివరికి ఇన్ని తేడాలతో పుట్టిన యూ4, యూ6 ఒకదానికొకటి జతపడి స్ప్లైసియోజోమ్‌లోకి వెళ్తాయి. రెండు పాలిమరేజ్‌ల పిల్లలు కలిస్తేనే ఆ యంత్రం నడుస్తుంది.

నా మాటకి ఎదురుచెప్పే సహోద్యోగులున్నారు. ముందు సులువైన నియమం చెప్పి, తర్వాత మినహాయింపులు చెప్పొచ్చు కదా, పిల్లలు కంగారు పడతారు అంటారు. నియమం నిజమైతే నేనూ ఒప్పుకునేదాన్ని. కానీ లెక్క చూడండి. మనిషిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చిన్నవి, చాలావాటిని రెండో పాలిమరేజే చేస్తుంది. టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏని రెండోది చేస్తుంది. 7ఎస్‌కే ఆర్‌ఎన్‌ఏని మూడోది చేస్తుంది, ఆర్‌నేజ్-పీలోని హెచ్1 ఆర్‌ఎన్‌ఏని కూడా మూడోదే, అదీ యూ6 లాంటి ప్రమోటర్‌తో. మినహాయింపులు ఇన్ని అయ్యాక నియమం దేనికి? “ప్రమోటర్ చూడు, ఎవరు వస్తారో అదే చెప్తుంది” అన్న ఒక్క వాక్యం మొదటిరోజే చెప్తే వీటిలో ఏదీ మినహాయింపు కాదు. కంగారు అసలే ఉండదు.

ఇదంతా పాఠాల గొడవే అయితే ఇంత రాయను. ప్రోటీన్ చేసే జన్యువులే అసలైనవి, మిగతావి టేబుల్‌లో చివరి వరుస అన్న అలవాటు ఆస్పత్రి దాకా వెళ్ళింది. పిల్లల్లో మెదడు ఎదుగుదల లోపానికి కారణం వెతకడానికి చేసే ఎక్సోమ్ టెస్ట్ ప్రోటీన్ చేసే భాగాలని మాత్రమే చదువుతుంది. యూ4 ఆర్‌ఎన్‌ఏకి 12వ క్రోమోజోమ్ మీద ఆర్‌ఎన్‌యూ4-1, ఆర్‌ఎన్‌యూ4-2 అని రెండు జన్యువులున్నాయి. 2024లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన నికీ విఫిన్ బృందం, న్యూయార్క్‌లోని ఎర్నెస్ట్ టూరో బృందం విడివిడిగా ఒకే సంగతి చెప్పాయి. ఆర్‌ఎన్‌యూ4-2లోని ఒక 18 అక్షరాల భాగంలో మార్పు వస్తే, ఎక్కువమందిలో ఒకే ఒక్క అక్షరం అదనంగా చేరితే, పిల్లల్లో తీవ్రమైన ఎదుగుదల లోపం వస్తుంది. మాటలు రాకపోవడం, కండరాల బలహీనత, కొందరిలో ఫిట్స్. ఎదుగుదల లోపం ఉన్నవాళ్ళలో సుమారు 0.4 శాతానికి కారణం ఇదేనని అంచనా, ఒక్క జన్యువుకి అది చాలా పెద్ద వాటా. మొత్తం జీనోమ్ చదివిన బ్రిటన్ డేటా చేతిలో ఉండబట్టి దొరికింది. ఎక్సోమ్‌లు ఎన్ని లక్షలు చేసినా దొరికేది కాదు.

ఇందులో నకలు తీసే పని (ట్రాన్స్‌క్రిప్షన్) పాత్ర చూడండి. ఆర్‌ఎన్‌యూ4-1 కూడా దాదాపు అదే ఆర్‌ఎన్‌ఏని ఇస్తుంది, దాంట్లో మార్పులొచ్చినా ఈ జబ్బు కనిపించలేదు. ఎదిగే మెదడులో ఎక్కువగా నకలయ్యేది ఆర్‌ఎన్‌యూ4-2. కవల జన్యువుల్లో ఏది జబ్బు తెస్తుందన్నది వాటి అక్షరాల కంటే, ఏది ఎంత నకలవుతోందన్న దాని మీద ఆధారపడిందన్నమాట. 2023లో స్నాప్‌సీలోని పెద్ద ప్రోటీన్ జన్యువు, ఎస్‌ఎన్‌ఏపీసీ4లో రెండు కాపీలూ చెడినప్పుడు పిల్లల్లో కాళ్ళు క్రమంగా బిగుసుకుపోయే నాడీ జబ్బు వస్తుందని కూడా తేలింది. పీఎస్‌ఈ మీద కూర్చునే ప్రోటీన్ అది, పైన ఇంతసేపు మాట్లాడుకున్నదే.

నాకు తెలిసిన ఒక కుటుంబం చాలా ఏళ్ళ క్రితం పాపకి ఎక్సోమ్ చేయించారు. “కారణం ఏదీ కనబడలేదు” అని రిపోర్ట్ వచ్చింది, ఫైల్ మూసేశారు. ఎక్సోమ్ ఏం చదువుతుందో, ఏం చదవదో ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. ఆ తల్లి ఇప్పటికీ కడుపుతో ఉన్నప్పుడు తను ఏం తిన్నానో, ఏం మందులు వేసుకున్నానో అని లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. ఆర్‌ఎన్‌యూ4-2 మార్పులు దాదాపు అన్నీ తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చినవి. మీ ఇంట్లోనో తెలిసినవాళ్ళ ఇంట్లోనో ఇలాంటి పాత నెగటివ్ రిపోర్ట్ ఉంటే, జెనెటిక్స్ డాక్టర్ దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళి ఆర్‌ఎన్‌యూ4-2 చూశారా అని పేరు పెట్టి అడగండి. 141 అక్షరాల జన్యువు అది. మొత్తం జీనోమ్ చదివించే స్తోమత లేకపోయినా, ఆ ఒక్క ముక్కని పీసీఆర్‌తో ఎన్నో కాపీలు చేసి మామూలు సాంగర్ సీక్వెన్సింగ్‌తో చదవొచ్చు.